క్షమించే ఎపిసోడ్

మార్కాపురం,
ఆదివారం మధ్యాహ్నం.

తమ్ముడు అఫ్రోజ్‌కు నీ ఆపా ముబాషిరా సలాం చెప్పి రాస్తున్నది.

ఇక్కడ ఇల్లు నిలబడి ఉంది, మనుషులం తిరుగుతున్నాం, వేళకు అన్నం తింటున్నాం. దీన్ని క్షేమమంటారనుకుంటే మేమంతా క్షేమం. నీ క్షేమం వేరే అడగను. హైదరాబాదులో నువ్వు ఏ పూట ఏ కారెక్కావో, ఏ తోటలో నడిచావో మా వీధి మొత్తానికి ఫోన్లలో తెలుస్తూనే ఉంది. కొంచెం ఒళ్లు చేశావు. అమ్మీ మాత్రం నీ కళ్ల కింద నలుపే చూస్తుంది. “నిద్రపోతున్నాడో లేదో అడుగు” అంటుంది. అడిగానని చెప్పాను. ఇదిగో, అడుగుతున్నాను. నిద్ర పడుతోందా?

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. ఫోన్ చేస్తే నువ్వు ఎప్పుడూ కారులోనే ఉంటావు. నా గొంతు కారంతా మోగుతుంది, పక్కన ఎవరో నవ్వుతారు. వాయిస్ మెసేజ్ పెడితే వేగం పెంచి వింటానని నువ్వే ఒకసారి చెప్పావు. కాగితాన్ని అట్లా పరుగెత్తించలేవు. ముక్కలు కోసి నీకు కావలసిన చోట అతికించుకోవడం కూడా కష్టమే. అందుకని మా ఇరమ్ నోటు పుస్తకంలో కాగితాలు చించుకుని కూర్చున్నాను. అది తిడుతూనే ఇచ్చింది. ఈ ఏడు ఎనిమిదో తరగతి. మేనమామ పేరెత్తితే ఇప్పుడు ముఖం తిప్పుకుంటోంది. ఎందుకో కిందకు పోయేకొద్దీ నీకే తెలుస్తుంది.

నువ్వు పంపిన పార్సిల్ అందింది. అందులో నువ్వు టైపు చేయించి పెట్టిన కాగితం కూడా అందింది. అది నీ ఉత్తరమనుకుని అమ్మీ చదవకముందే ముద్దు పెట్టుకుంది. చదివాక మడిచి నా చేతిలో పెట్టింది. ఆ కాగితం సంగతి తర్వాత రాస్తాను. ముందు నువ్వు అడిగిన వాటికి జవాబులు చెప్పనీ.

స్పీకర్ ఎట్లా ఉందని అడిగావు. బాగుంది. అది వచ్చిన రోజు అబ్బా దుకాణం నుంచి పెందలాడే ఇంటికి వచ్చారు. పెట్టెలోంచి తీసి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ఇరమ్ ఫోన్లోంచి పాట పెట్టింది. ఆయన చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. “ఇంత చిన్నదాంట్లో ఇంత బేసు ఎట్ల పట్టించినారు?” అన్నారు. తర్వాత లోపల ఏముందో చూడాలని స్క్రూడ్రైవర్ తీశారు. అమ్మీ ఒప్పుకోలేదు. “విప్పితే గ్యారంటీ పోతదంట. బిడ్డ పంపించినాడు, అట్లనే ఉండనీ” అంది. ఆయన స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నారు. ఇల్లంతా ఆ పాటే చాలాసేపు మోగింది. నీ మీద ఆయనకు కోపం లేదు అఫ్రోజ్. అది ముందే తెలుసుకో. ఈ ఉత్తరంలో ఉన్న కోపమంతా నాది.

అమ్మీ మోకాళ్లు అట్లాగే ఉన్నాయి. డాక్టరు కింద కూర్చోవద్దన్నాడు. కుర్చీలో కూర్చుని నమాజు చేస్తోంది. నీ కోసం దువా ఇంకా అన్నిటికంటే ముందే చేస్తోంది.

ఇక నీ వీడియో గురించి. అబ్బా చూశారా అని నువ్వు అడిగావు. చూశారు.

నీ చానల్లో నీ పేరు కింద నీ గురించి రాసుకున్న మాటలు మొన్న ఇరమ్ నాకు చదివి వినిపించింది. “నా ఇష్టాలు: ఖరీదైన కార్లు, సంగీత పరికరాలు, అందంగా తీర్చిదిద్దిన ఉద్యానవనాల సందర్శన.” వింటుంటే నాకు అబ్బా పరిచయం ఎవరో రాసినట్టు అనిపించింది. ఈ మూడు ఇష్టాలూ నీకు ఎక్కడి నుంచి వచ్చాయో నీకూ తెలుసు, నాకూ తెలుసు. కంభం రోడ్డులో ఆటోలకూ ట్రాక్టర్లకూ పాటల పెట్టెలు బిగించే మన అబ్బా ఇమ్తియాజ్ నుంచి వచ్చాయి.

నువ్వు మరచిపోయావనుకోను. అయినా ఒకసారి రాస్తాను. నేను రాయకపోతే కొన్నాళ్లకు నువ్వు చెప్పిందే జరిగిందని నేనూ నమ్ముతానేమోనని భయంగా ఉంది.

వీడియోలో నువ్వు తెల్లటి పెద్ద కారులో కూర్చుని చెప్పావు. చిన్నప్పుడు రోడ్డు మీద ఫారిన్ కారు ఆగితే అద్దంలోంచి లోపలికి తొంగి చూశావట. తాగి ఉన్న నాన్న నలుగురి ముందూ చెంప మీద కొట్టాడట. “నీ బతుక్కి ఆ కారు కావాలా” అన్నాడట. నువ్వు చెబుతూ కళ్లు తుడుచుకున్నావు. ఆ కారు నాకూ గుర్తుంది. శ్రీశైలం పోతున్న ఒక కాంట్రాక్టరుది. దారిలో పాటల సెట్టు పనిచేయక అబ్బా దుకాణం ముందు ఆపారు. అబ్బా అట్లాంటి సెట్టు అదే మొదటిసారి చూడటం. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా దాని ముందే కూర్చుని బాగు చేశారు. కూలి ఎంతని వాళ్లు అడిగితే, “కూలి వద్దు సార్. మా పిల్లలిద్దర్నీ ఒక రౌండు తిప్పండి చాలు” అన్నారు. తర్లుపాడు దాకా వెళ్లి వచ్చాం. నువ్వు ముందు సీట్లో కూర్చున్నావు. మనిద్దరి చెప్పులూ అబ్బా బయటే విప్పించి తన చేతుల్లో పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డారు. మనం తిరిగి వచ్చేదాకా అట్లాగే ఉన్నారు. ఆయన మాత్రం ఎక్కలేదు.

నువ్వు సొంతంగా తయారు చేసుకున్న రేడియోను నాన్న తాగొచ్చి బండకేసి కొట్టాడని చెప్పావు. నువ్వు రేడియో తయారు చేయలేదు. గిరాకీ తెచ్చిన టేప్ రికార్డర్ విప్పి, మళ్లీ బిగించడం చేతగాక పాడు చేశావు. నిన్ను లోపలికి పంపించి, చేయి జారి తానే కింద పడేశానని అబ్బా వాళ్లకు చెప్పారు. మన ఇంట్లో ఉన్న టేప్ రికార్డర్ వాళ్లకు ఇచ్చేశారు. చాలాకాలం మన ఇంట్లో పాట లేదు. అమ్మీ అడిగితే, “పిల్లోడు పని నేర్చుకుంటున్నాడు” అన్నారు.

తోటల సంగతి కూడా చెప్పావు. కత్తిరించిన పొదలు, వరసగా నీటి ఫౌంటెన్లు ఉన్న తోటను నీ కష్టంతో నువ్వే మొదటిసారి చూశావట. అంతకుముందు పలకల దుమ్ము తప్ప ఏమీ చూడలేదట. మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కించి, బెంగళూరులో దింపి, అక్కడి నుంచి మైసూరు బస్సులో తీసుకుపోయి బృందావనం చూపించింది ఎవరు? మనకు తెలిసిన ఏ ఇంట్లోనూ పిల్లలను తోట చూపించడానికి అంత దూరం తీసుకుపోలేదు. “తోట కోసం రైలు టికెట్టా” అని మన ఫూఫీలు, అబ్బా అక్కచెల్లెళ్లంతా నవ్వారు. అక్కడ అబ్బా ఒక్కో పొద దగ్గర ఆగి, తోటమాలులతో మాట కలిపి, కత్తెర ఏ నెలలో వేస్తారో కూడా అడిగారు. వచ్చీరాని కన్నడంలో ఆయన అడుగుతుంటే నువ్వు సిగ్గుపడి నా వెనక దాక్కున్నావు. అది మాత్రం నిజమే. ఆయనంటే నీకు అప్పుడే సిగ్గు మొదలైందేమో. నాకే తెలియలేదు.

ఎందుకు చెప్పావో ఆలోచించాను. పిల్లలకు కారు ఎక్కించి, తప్పు తన మీద వేసుకుని, తోటలు తిప్పిన తండ్రి కథలో ఏడుపు ఉండదు. ఏడుపు లేకపోతే ఎవరూ ఆగి చూడరు. అందుకని ఆయన చేతిలో ఒక సీసా పెట్టావు. అంతే కదా?

ఆ వీడియోను అబ్బాకు చూపించింది గురవయ్య. తర్లుపాడు దగ్గర గొర్రెలూ బర్రెలూ ఉన్న గురవయ్య నీకు తెలుసు, చిన్నప్పుడు మనకు జున్నుపాలు తెచ్చేవాడు. ట్రాక్టరు పాటల పెట్టె బాగు చేయించుకోవడానికి వచ్చాడు. అబ్బాకు అన్నం తీసుకుపోయి నేనూ అక్కడే ఉన్నాను. గురవయ్య తన ఫోన్ అబ్బా ముందు పెట్టి, “బాయ్, ఈడు మన అఫ్రోజే గదా. ఏంది ఇట్ల చెప్తున్నాడు?” అన్నాడు.

అబ్బా మొత్తం చూశారు. చూస్తున్నంతసేపూ చేతిలో వైరు అట్లాగే పట్టుకున్నారు.

గురవయ్యే మళ్లీ అన్నాడు. “నేను తాగి పడిపోతే నన్ను ఆటోలో ఏసుకొని మా ఊళ్లో దింపినోడివి నువ్వు. నన్ను తిట్టి తిట్టి మాన్పించినోడివి. నువ్వెప్పుడు తాగినావు బాయ్?”

అబ్బా నవ్వారు. “చిన్నప్పటి సంగతులు గురవయ్యా. వానికి ఎట్ల గుర్తుంటే అట్ల చెప్పుకుంటాడు. పెట్టె సాయంత్రానికి అయిపోతది, వచ్చి తీసుకపో.”

గురవయ్య నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఆ మనిషి పోతూ పోతూ, “నోరుండి గూడా అననోడికి ఏం చెప్తాం తల్లీ” అన్నాడు.

ఆ రోజు అబ్బాతో పోట్లాడాను. పుట్టి బుద్ధెరిగాక ఆయన మీద గొంతు పెంచడం అదే మొదటిసారి.

“అబద్ధం అని ఒక్క మాట చెప్పొచ్చు కదా అబ్బా” అన్నాను.

“చెప్తే ఏమైతది?”

“మీ పరువు నిలబడతది.”

“నాది నిలబడితే వానిది పడతది బేటీ. లోకం ముందర చెప్పినాడు. అబద్ధాలోడని తేలితే వాణ్ణి ఎవరు చూస్తారు? నాదేముంది, ఈ రోడ్డులో నలుగురికి తెలుసు నేనెవరో.”

“ఆ నలుగురే నమ్ముతున్నారు అబ్బా” అన్నాను. ఆయన లేచి పోయి కుళాయి కింద చేతులు కడుక్కున్నారు.

నేనన్నది నిజమే అయింది. మన మసీదులో మైకు సెట్టు బిగించింది, ఇన్నేళ్లుగా ఊరికే బాగు చేస్తున్నది ఆయనే. వీడియో వచ్చాక కమిటీలో ఒక పెద్దాయన మా ఆయన జిలానీని పక్కకు పిలిచి మెత్తగా చెప్పాడు. “మామగారికి కొన్నాళ్లు విశ్రాంతి ఇద్దాం. మైకు సంగతి గిద్దలూరు వాళ్లు చూసుకుంటారు” అన్నాడట. తప్పుగా ఒక్క మాట అనలేదు. అంటే పోట్లాడేవాళ్లం. బడిలో ఒక పిల్ల ఇరమ్‌ను, “మీ తాత ఇప్పుడు కూడా తాగుతాడా, మానేసినాడా” అని అడిగింది. అది ఆ పిల్ల జడ పట్టుకుని లాగి, టీచరు చేత దెబ్బలు తిని వచ్చింది. ఇంత జరిగినా అబ్బా ఐదు పూటలా మసీదుకు పోవడం మానలేదు. వెనక వరసలో నిలబడి వచ్చేవారు.

ఆ తర్వాత నువ్వు ఫోన్ చేశావు. క్షమించే ఎపిసోడ్ అన్నావు. పెద్ద కారులో మార్కాపురం వస్తావు. దుకాణం ముందు దిగుతావు. అబ్బా ఏడుస్తారు. నువ్వు కౌగిలించుకుని క్షమిస్తావు. తర్వాత ఆయన చేతికి కారు తాళాలు ఇస్తావు. “అబ్బాను నువ్వే ఒప్పించు ఆపా, నీ మాట వింటారు” అన్నావు. నేను జవాబు వెతుక్కునేలోపలే ఒప్పుకున్నాననుకుని పెట్టేశావు.

నేను ఒప్పించలేదు. నువ్వు అమ్మీకి కూడా చెప్పావు కాబట్టి ఆయనకు తెలిసింది. నేను కోప్పడేలోపలే, “వానికి పనికొస్తదంటే కూర్చుంటా. ఏముంది, పది నిమిషాలు” అన్నారు. పెట్టెలోంచి పండగ చొక్కా తీయించారు. కొడుకు వస్తాడన్న సంతోషం ముందు ఆయనకు మిగతాదేదీ కనపడలేదు.

నువ్వు రాలేదు. ముందుగా తండ్రి మాటలు వీడియో తీసుకురమ్మని నీ దగ్గర కెమెరా పట్టే కిరణ్‌ను పంపించావు. అతను మన గిద్దలూరువాడేనట, నీ ఈడువాడు, ఇద్దరు పిల్లల తండ్రి. అతని మీద నాకు కోపం లేదు. ఆ రోజు దుకాణంలో ఏం జరిగిందో నీకు ఎవరూ చెప్పి ఉండరు. నేను చెబుతాను.

పాత టేపుల మధ్య స్టూలు వేసి అబ్బాను కూర్చోబెట్టాడు. కెమెరా సర్దుకుని, “సార్, మీరు తాగే రోజుల గురించి రెండు ముక్కలు చెప్పండి” అన్నాడు.

అబ్బా నా వైపు చూశారు, తర్వాత అతని వైపు. “ఏం తాగేవాణ్ణని చెప్పాల బాబూ?” అని అడిగారు. ఎగతాళికి కాదు. ఆయనకు నిజంగా తెలియదు.

“సారా అనండి సార్.”

“సారా తాగేవాణ్ణి” అన్నారు.

“కొంచెం తల దించుకొని సార్.”

తల దించుకుని మళ్లీ అన్నారు. సరిగ్గా అప్పుడే మా ఇరమ్ మెట్టెక్కింది. సెలవని తాతకు టీ ఫ్లాస్కు తెచ్చింది. అక్కడే ఆగిపోయింది. అబ్బా దాన్ని చూసి నవ్వబోయారు. “ఇది సినిమా లాంటిది బేటీ” అన్నారు. అది ఫ్లాస్కు కింద పెట్టి వెళ్లిపోయింది.

కిరణ్ కొట్టడం గురించి చెప్పమన్నాడు. “పిల్లోణ్ణి” అని మొదలుపెట్టి అబ్బా ఆగిపోయారు. ఇంతలో మధ్యాహ్నపు జొహర్ అజాన్ వినిపించింది. ఆయన బిగించిన మైకులోంచే. కిరణ్ చెవిలో పెట్టుకున్నది తీసేసి, “ఈ సౌండ్ అయిపోయినాక మళ్లీ ఒకసారి చెప్పండి సార్” అన్నాడు. అతనికేం తెలుసు. అబ్బా స్టూలు మీదే కూర్చుని, పెదాలతో మెల్లగా అజాన్‌కు జవాబు చెప్పుకున్నారు. అజాన్ అయిపోయింది. కెమెరా వైపు తిరిగి, “తాగొచ్చి పిల్లోణ్ణి కొట్టేవాణ్ణి. వాడు నన్ను క్షమించాల” అన్నారు.

కిరణ్ బాగొచ్చిందన్నాడు. అబ్బా లేచి జేబులోంచి టోపీ తీశారు. కాసేపు చేతిలోనే పట్టుకుని మళ్లీ జేబులో పెట్టేసుకున్నారు. ఆ పూట మసీదుకు పోలేదు. ఆ తర్వాత కూడా పోలేదు. శుక్రవారం జుమ్మాకు కూడా ఇంట్లోనే ఉన్నారు. అమ్మీ ఎంత అడిగినా, “ఒంట్లో బాగలేదు” అన్నారు. నేను అడిగితే మాత్రం చెప్పారు. “హరామ్ తాగినానని నా నోటితో నేనే చెప్పినా. చెప్పేటప్పుడు అజాన్ అయిపోయేదాక ఆగి మరీ చెప్పినా. ఏ ముఖం పెట్టుకొని పోయేది?”

ఇంతవరకూ నీకు చెప్పనిది ఇప్పుడు చెబుతున్నాను.

కిరణ్ తెచ్చిన కెమెరా కార్డు పాడైందని, అందులో ఏమీ రాలేదని నువ్వు టైపు కాగితంలో రాయించావు. కార్డు పాడు కాలేదు అఫ్రోజ్. నేను చెరిపేశాను.

ఆ రోజు కిరణ్‌ను మన ఇంట్లో అన్నానికి కూర్చోబెట్టాను. ఎట్లా వచ్చిందో చూస్తానంటే కెమెరా నా చేతికిచ్చి, ఎక్కడ నొక్కితే కనిపిస్తుందో చూపించాడు. అతను తింటూ ఉంటే నేను చూశాను. అంత చిన్న తెరలో అబ్బా తల దించుకుని ఉన్నారు. అమ్మీ అతనికి ఇంకా కూర వేస్తోంది. చెత్తబుట్ట బొమ్మ ఉన్న చోట నొక్కాను. నిజంగా తీసేయమంటావా అని అది అడిగింది. అవునని నొక్కాను. ఒక్కొక్కటే అన్నీ తీసేశాను.

చేతులు కడుక్కుని వచ్చాక అతనికి చెప్పాను. “నేనే తీసేసినా తమ్ముడూ. మీ సార్‌కు నా పేరే చెప్పు” అన్నాను. జరిగిన సంగతంతా, కారు, టేప్ రికార్డరు, మైసూరు, అన్నీ చెప్పాను. అతను గోడకానుకుని కూర్చున్నాడు.

“మా నాయన తాగి తాగి సచ్చిపోయినాడక్కా” అన్నాడు. “కథ రాసిచ్చినారు, తీసినా. తాగనోని నోట ఆ మాట చెప్పిస్తున్నానని నాకు తెల్దు. కార్డు పోయిందని చెప్తాలే.” 

నేను వద్దన్నాను. అతను వినలేదు. నా కోసం ఒక్క అబద్ధం చెప్పాడని అతని పని తీసేయకు. నీ కోసం అబ్బా ఎన్ని చెప్పారో లెక్క చూసుకో.

నేను చేసిన పని అంతటితో అయిపోతుందనుకున్నాను. అక్కడే నా తెలివితక్కువతనం. నీ పార్సిల్ వచ్చింది. స్పీకర్ మోగిన ఆ సాయంత్రమే, కాగితంలో ఏముందో చదవమని అబ్బా ఇరమ్‌ను అడిగారు. నేను వంటింట్లో ఉన్నాను. అది చదివేసింది. ఫుటేజ్ రాలేదు, కిరణ్ మళ్లీ వస్తాడు, అబ్బా అదే చొక్కా వేసుకోవాలి, ఈసారి కొంచెం ఏడిస్తే బాగుంటుంది. అంతా చదివింది.

నేను వచ్చేసరికి పాట ఆగిపోయి ఉంది. అబ్బా స్పీకర్ పక్కన పెట్టి నన్నే చూస్తున్నారు.

“మళ్లీ చెప్పాల్సి వస్తదా బేటీ?” అని అడిగారు.

ఆ గొంతు నువ్వు వినలేదు. కొట్టొద్దని అడిగే పిల్లాడి గొంతు అది. నిన్ను ఎన్నడూ కొట్టని మనిషి, నిన్ను కొట్టానని ఇంకొకసారి చెప్పాలా అని నన్ను అడుగుతున్నారు. అప్పుడు ఆయనకు కూడా చెప్పేశాను, నేనే చెరిపానని. తిడతారనుకున్నాను.

“మొత్తమా?”

“మొత్తం అబ్బా. ఒక్క ముక్క కూడా లేదు.”

“వానికి నష్టమేమన్నా వస్తదా?”

“రాదు” అన్నాను. వస్తుందో రాదో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

“మళ్లీ ఎవరూ రారు గదా?”

“రారు అబ్బా. నేను రానియ్యను.”

ఆయన లేచి కుళాయి దగ్గరికి పోయి నమాజుకు వజూ చేసుకున్నారు. చాలా నెమ్మదిగా, మోచేతుల దాకా నీళ్లు పోసుకుని. పొద్దుగూకి మగ్రిబ్ వేళ అవుతోంది. టోపీ పెట్టుకుని బయటికి నడిచారు. అమ్మీ గుమ్మం పట్టుకుని ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత లోపలికి వచ్చి నీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టింది. “దీనికి జవాబు నువ్వు రాయి. నేను రాస్తే రమ్మనే రాస్తా” అంది.

అందుకని నేను రాస్తున్నాను.

కిరణ్‌ను పంపించకు. ఇంకెవర్నీ పంపించకు. నువ్వు పెట్టిన వీడియో తీసేస్తావో ఉంచుతావో నీ ఇష్టం, నేను అడగను. తీసేయడానికి నేను అడగాల్సి వస్తే, అప్పుడు తీసేసినా ఒకటే, ఉంచినా ఒకటే. మసీదు కమిటీ దగ్గరికి జిలానీ పోయి ఉన్న సంగతి చెప్పి వచ్చాడు. అబ్బాకు చెప్పకుండానే పోయాడు. వాళ్లు నమ్మారో లేదో తెలియదు. నిన్ను కన్న ఊళ్లో నువ్వు అబద్ధాలకోరువని చెప్పడానికి ఒక మనిషి పోవాల్సి వచ్చింది. ఆ మనిషి అబ్బా అల్లుడు కావడం ఇంకో సిగ్గు.

నీకు రావాలనిపిస్తే రా. ఏ కారులో వస్తావో నాకు పట్టింపు లేదు. అబ్బాకు మాత్రం ఉంటుంది, బానెట్ తెరిచి చూపించమంటారు, చూపించు. అన్నం ఉంటుంది. అమ్మీ నీ కోసం దాల్చా చేస్తుంది. కెమెరాతో వస్తే మాత్రం గడప దగ్గర నేను ఉంటాను. వాళ్లిద్దరూ నీకు తలుపు తీస్తారని తెలుసు కాబట్టే అక్కడ ఉంటాను.

నువ్వు ఆయనను క్షమించడానికి వస్తానన్నావు. అబ్బా నిన్ను గురవయ్య ఫోన్లో చూసిన రోజే క్షమించేశారు, చేతిలో వైరు పట్టుకుని, ఎవరికీ చెప్పకుండా. అమ్మీ అసలు తప్పే పట్టలేదు. ఇక మిగిలింది నేనొక్కదాన్నే. నేను క్షమించలేదు.

ఇట్లు,
నిన్ను చంకనేసుకుని తిరిగిన నీ ఆపా,
ముబాషిరా.